డై కట్ మోడల్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రౌన్, బ్రిడ్జి పనికి కావలసిన డైలను (డాక్టర్ అరగదీసిన పంటి నకళ్లను) మోడల్ నుంచి తీసి మళ్లీ పెట్టుకునేలా చేయడం గురించి ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, డెంటల్ మెకానిక్స్ డిప్లొమా చదువుతున్నవాళ్లు, సొంతంగా మోడల్ పోసుకునే డాక్టర్లు తిప్పితిప్పి అడిగే సందేహాలివి. పని జరిగే వరుసలో పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

మోడల్‌ని కోయడం ఎందుకు? అలాగే ఉంచి వ్యాక్స్ చేసుకుంటే (మైనంతో క్రౌన్ ఆకారం కట్టుకుంటే) పోదా?

ప్రెప్ చేసిన (క్రౌన్ కోసం అరగదీసిన) పన్ను మార్జిన్, అంటే ఆ అరగదీత ఆగిన అంచు, చాలాసార్లు చిగురు అంచులోనో దాని కిందో ఉంటుంది. రెండు వైపులా పక్క పళ్లు ఆనుకుని ఉంటాయి. కోయని మోడల్ మీద ఆ మూలలకు మైనం కత్తి వెళ్లదు, మార్జిన్ ఎక్కడ ఆగిందో కూడా కనిపించదు. డైని బయటకు తీస్తే పన్నును చేతిలో పట్టుకుని చుట్టూ తిప్పి చూడొచ్చు. అయితే కాంటాక్ట్ (పక్క పంటిని తాకే చోటు), బైట్ (ఎదుటి పళ్లతో కలిసే తీరు) చూడాలంటే అదే డై మళ్లీ అదే చోట కూర్చోవాలి. డై బయటకు రావడం సులువు. మైక్రాన్ తేడా లేకుండా వెనక్కి వెళ్లడమే కష్టం. డై కట్ మోడల్‌లో మనం పడే పాట్లన్నీ ఈ రెండో దాని కోసమే.

ఏ కేసులకు డై కట్ కావాలి?

క్రౌన్, బ్రిడ్జి, ఇన్‌లే, ఆన్‌లే, వెనీర్లకు కావాలి. కంప్లీట్ డెంచర్, పార్షియల్ డెంచర్, నైట్ గార్డ్, బ్లీచింగ్ ట్రే, స్టడీ మోడల్‌కు అక్కర్లేదు. కింది ముందు పళ్ల వెనీర్లలో పళ్ల మధ్య రంపం పట్టే సందు ఉండదు. అలాంటి కేసులో కోయని మోడల్ ఒకటి, విడి డైలు కొన్ని పోసుకుని పని చేయడం మేలు.

ఇన్ని పద్ధతులున్నాయి, కొత్త ల్యాబ్‌కి ఏది మంచిది?

స్టోన్ (నీళ్లు కలిపితే గట్టిపడే పొడి) పోయకముందే ఇంప్రెషన్ (నోటి అచ్చు) మీద పిన్ (డైని మోడల్ పీఠంలో, అంటే బేస్‌లో నిలిపే చిన్న కడ్డీ) నిలబెట్టడం పాత పద్ధతి. ఖర్చు తక్కువే గానీ పిన్ ఒరిగిపోయే ప్రమాదం ఎక్కువ. మోడల్ పోసి గట్టిపడ్డాక కింది నుంచి డ్రిల్ మెషీన్‌తో రంధ్రాలు వేసి పిన్‌లు అతికించడం రెండోది. పిన్‌డెక్స్ ఈ కోవలోదే. మూడోది డై లాక్ లాంటి ప్లాస్టిక్ ట్రే. ఇందులో పిన్ ఉండదు, ట్రే లోపలి గాడులే డైని పట్టుకుంటాయి. గిరోఫార్మ్, జైజర్ లాంటి రెడీమేడ్ బేస్ ప్లేట్ పద్ధతుల్లో రెండోసారి స్టోన్ పోసే పని లేదు కాబట్టి బేస్ వ్యాకోచం బెడద కూడా లేదు. కాకపోతే పెట్టుబడి ఎక్కువ.

నా మాటైతే, రోజూ బ్రిడ్జిలు వచ్చే ల్యాబ్ డ్రిల్ మెషీన్ కొనుక్కోవాలి. ఎక్కువగా సింగిల్ క్రౌన్‌లే వస్తుంటే ప్లాస్టిక్ ట్రేతో నెట్టుకురావచ్చు. ట్రే గాడుల్లో స్టోన్ పొడి ఇరుక్కుంటే డై పైకి లేచి కూర్చుంటుంది, దాన్ని శుభ్రం చేసే ఓపిక మాత్రం ఉండాలి.

డాక్టర్ గారు క్రౌన్‌కి ఆల్జినేట్ ఇంప్రెషన్ పంపారు. పోసేయమంటారా?

పోయకముందు ఫోన్ చేయండి. ఆల్జినేట్ తీసిన 10–15 నిమిషాల్లోనే స్టోన్ పడాలి. గాలికి ఉంచితే నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. మండల కేంద్రంలో సాయంత్రం తీసి ఆర్టీసీ పార్శిల్‌లో వేస్తే పొద్దున హైదరాబాద్‌లో మన చేతికి వచ్చేది ఆ పేషెంట్ నోటి కొలత కాదు. తడి దూది చుట్టి పంపినా నమ్మడానికి లేదు. ఎదురు దవడకు ఆల్జినేట్ చాలు, అదీ క్లినిక్‌లోనే పోసి మోడల్ పంపాలి. చిన్న ఊళ్ల డాక్టర్లకు ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. క్రౌన్ దిగకపోతే మాట పడేది ల్యాబే.

సిలికోన్ ఇంప్రెషన్ రాగానే పోయొచ్చా, ఆగాలా?

ఏ సిలికోనో తెలుసుకోండి. కండెన్సేషన్ సిలికోన్ నుంచి ఆల్కహాల్ ఆవిరైపోతూ ఇంప్రెషన్ కుంచించుకుపోతుంది కాబట్టి అరగంటలోపు పోయాలి. కొరియర్‌లో వచ్చిందంటే ఆ గడువు ఎప్పుడో దాటిపోయినట్టే. అడిషన్ సిలికోన్ చాలా స్థిరంగా ఉంటుంది, రెండు మూడు సార్లు కూడా పోసుకోవచ్చు. కొన్ని రకాలు మాత్రం సెట్ అయ్యాక కాసేపు హైడ్రోజన్ వదులుతాయి, తొందరపడితే డై ఒళ్లంతా సన్న రంధ్రాలు పడతాయి. క్లినిక్‌లోనే పోసేవాళ్లు ఒక గంట ఆగితే మంచిది. పాలిఈథర్ అయితే నీటిని పీలుస్తుంది. తడి కవర్లో పెట్టకండి, ఆల్జినేట్‌తో కలిపి ఒకే కవర్లో అసలే వద్దు.

ఇంప్రెషన్‌ని కడగాలా? మందులో ముంచాలా?

తప్పకుండా. రక్తం, లాలాజలం ఉన్నచోట స్టోన్ సరిగా గట్టిపడదు, మనకు ఇన్ఫెక్షన్ భయం వేరే. పారే నీళ్లలో కడిగి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లాంటి డిస్ఇన్ఫెక్టెంట్‌లో మెటీరియల్ కంపెనీ చెప్పిన సమయం ఉంచి, మళ్లీ కడిగి గాలి ఊదండి. సిలికోన్ మీద స్టోన్ జారకుండా పాకడానికి సర్ఫక్టెంట్ స్ప్రే కొడతాం. కొట్టాక మిగిలినదంతా ఊది తీసేయాలి, గుంటలో నిలిస్తే అక్కడ డై పైపొర మెత్తగా వస్తుంది.

## స్టోన్ కలపడం, పోయడం

డైకి టైప్ 3 స్టోన్ సరిపోదా? టైప్ 4 ఖరీదు కదా?

సరిపోదు. డై మీద కత్తి పెడతాం, మైనం గీరుతాం, క్రౌన్ పదేపదే పెట్టి తీస్తాం. టైప్ 3 అంచులు ఆ తాకిడికి నిలవవు. ఐఎస్ఓ 6873 ప్రమాణం ప్రకారం టైప్ 4 స్టోన్ రెండు గంటలకు 0.15 శాతం మించి వ్యాకోచించకూడదు. టైప్ 5 గట్టిదే గానీ 0.30 శాతం దాకా వ్యాకోచిస్తుంది. బంగారు మిశ్రమాల కంటే ఎక్కువ కుంచించుకుపోయే నికెల్ క్రోమ్, కోబాల్ట్ క్రోమ్ పనికి దాన్ని కొందరు వాడతారు. మామూలుగా టైప్ 4 చాలు. ఖరీదంటారా, ఒక ఆర్చ్‌కి (పళ్ల వరుస మొత్తానికి) పట్టే స్టోన్ ఖర్చు క్రౌన్ మళ్లీ చేసే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

నీళ్లు కంటితో చూసి కలుపుతాం, ఇన్నేళ్లుగా బాగానే ఉంది. తూకం తప్పనిసరా?

తప్పనిసరే. టైప్ 4కి 100 గ్రాముల పొడికి సుమారు 20–24 మి.లీ. నీళ్లు. కచ్చితమైన అంకె మీ ప్యాకెట్ మీదే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే కలపడం హాయిగా ఉంటుంది గానీ డై బలం తగ్గుతుంది, మార్జిన్ పెళుసుగా రాలుతుంది. తక్కువైతే వ్యాకోచం పెరుగుతుంది, చిక్కగా ఉండి మూలల్లోకి పారదు. చిన్న డిజిటల్ కాటా, సిరంజి ఉంటే చాలు. గిన్నెలో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి, కాసేపు నాననిచ్చి కలపండి. వ్యాక్యూమ్ మిక్సర్‌లో అరనిమిషం, చేత్తో అయితే ఒక నిమిషం. కలిపాక పల్చన చేయడానికి మళ్లీ నీళ్లు చల్లడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బోరు నీళ్లు వాడేవాళ్లకు ఒక మాట. లవణాలు గట్టిపడే సమయాన్ని మార్చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి పక్కన పెట్టుకుంటే ఆ అనుమానమే ఉండదు.

వానాకాలంలో స్టోన్ చేతిలోనే గట్టిపడిపోతోంది. పొడి పాడైందా?

తేమ తగిలింది. పొడి గాల్లోని తేమను పీల్చి కొంత భాగం ముందే జిప్సమ్‌గా మారిపోతుంది. ఆ రేణువుల చుట్టూ స్ఫటికాలు తొందరగా కట్టడం వల్ల మొదట్లో సెట్టింగ్ వేగం పెరుగుతుంది. ఇంకా పాతబడితే ఉల్టా అవుతుంది, ఎంతకీ సరిగా గట్టిపడదు. విశాఖ, కాకినాడ లాంటి కోస్తా ఊళ్లలో పెద్ద బస్తా కొని మూతి చుట్టి పెట్టడం దండగ. చిన్న ప్యాక్‌లు కొనండి, బిగుతు మూత డబ్బాలో పోయండి, తడి చెంచా లోపల పెట్టకండి. తడి మిక్సింగ్ గిన్నెకు అంటుకున్న పాత స్టోన్ కూడా ఇదే పని చేస్తుంది.

బుడగ ఎప్పుడూ మార్జిన్ మీదే వస్తుంది. ఎందుకిలా?

ఇంప్రెషన్‌లో ప్రెప్ లోతైన బావిలా ఉంటుంది. పైనుంచి స్టోన్ వేస్తే అడుగున గాలి ఇరుక్కుపోతుంది. ఆర్చ్ ఒక చివర కొద్దిగా వేసి, వైబ్రేటర్ సన్నగా పెట్టి, స్టోన్ తనంతట తాను ఒక పంటి గుంట నిండి రెండోదాంట్లోకి పాకేలా వంచుతూ పోవాలి. ప్రెప్ ఉన్నచోట సన్న బ్రష్‌తో మార్జిన్ చుట్టూ ముందు తడపండి. ప్రెప్ పళ్లన్నీ నిండేదాకా పెద్ద గరిట ముట్టకూడదు.

డై మీద గుంట పడితే అది పోతలో చిక్కిన గాలి. ఉబ్బు వస్తే ఇంప్రెషన్‌లోనే బుడగ ఉందన్నమాట. పక్క పంటి మీద ఉబ్బును కత్తితో గీకేయొచ్చు. మార్జిన్ మీద ఏదొచ్చినా మళ్లీ పోయడమే.

ఎంత ఎత్తు పోయాలి? ఎప్పుడు విప్పాలి?

పిన్‌కు పట్టు ఉండాలంటే మార్జిన్ కింద కనీసం 10 మి.మీ. స్టోన్ ఉండాలి. అంగిలి, నాలుక భాగం నింపకుండా గుర్రపు నాడా ఆకారంలో ఉంచండి, లేకపోతే రంపం అవతలికి వెళ్లదు. 45 నిమిషాల నుంచి గంట మధ్య విప్పొచ్చు. అప్పటికి గట్టిగా కనిపించినా తడి స్టోన్ బలం ఆరిన స్టోన్ బలంలో సగమే. కుదిరితే రంపం పని మర్నాటికి పెట్టుకోండి.

ఒక్కసారి పోస్తే చాలా?

అడిషన్ సిలికోన్ వస్తే రెండుసార్లు పోయండి. మొదటి పోతను డై కట్‌కు వాడి, రెండోదాన్ని కోయకుండా ఉంచండి. చివర్లో కాంటాక్ట్‌లు, చిగురు దగ్గర ఆకారం చూసుకోవడానికి కోయని మోడల్‌ను మించిన సాక్ష్యం లేదు. దీన్ని దండగ అనుకునే ల్యాబ్‌లే ఎక్కువ. డాక్టర్ కుర్చీ పక్కన కాంటాక్ట్ అరగదీసుకోవాల్సి వచ్చే క్రౌన్‌లు కూడా ఆ ల్యాబ్‌ల నుంచే ఎక్కువ వెళ్తుంటాయి.

## పిన్‌లు, బేస్

పిన్ సరిగ్గా ఎక్కడ రావాలి? ఒకటి చాలా?

పంటి మధ్యలో నిలువుగా కిందికి, డై బయటకు వచ్చే దారిలోనే ఉండాలి. గుండ్రని పిన్ ఒక్కటే పెడితే డై తిరుగుతుంది. ఒక పక్క చదునుగా ఉన్న పిన్ వాడండి, లేదా జంట పిన్ పెట్టండి. దవడ పళ్లకు నా ఓటు జంట పిన్‌కే. కింది ముందు పళ్లలో జంటకు చోటుండదు, అక్కడ సన్నటి చదును పిన్. ఇత్తడి పిన్‌కు లోహపు తొడుగు ఉంటే ఇంకా మంచిది. లోహం లోహంలోనే జారుతుంది కాబట్టి పదేపదే తీసిపెట్టినా స్టోన్ రంధ్రం అరగదు.

మెషీన్ లేదు. పోయకముందే పిన్ నిలబెట్టడం ఎలా?

ఇంప్రెషన్ అంచు మీద అడ్డంగా గుండు సూదులు గుచ్చి, వాటి మధ్య జుట్టు పిన్ను పట్టించి, దాని నోట్లో డోవెల్ పిన్‌ను స్టికీ వ్యాక్స్‌తో నిలబెడతారు. పిన్ తల ప్రెప్ గుంటలోకి కొద్దిగా దిగాలి గానీ ఇంప్రెషన్‌ను తాకకూడదు. తాకితే డై పైభాగంలో ఇత్తడి కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి చూసి నిలువు సరిచేసుకున్నాకే పోయండి. వైబ్రేటర్ ఈ పద్ధతికి శత్రువు, కాబట్టి సన్నగా, తక్కువసేపు.

డ్రిల్ మెషీన్ వాడినా పిన్‌లు వంకరగా వస్తున్నాయి. ఏం తప్పు?

మెషీన్ రంధ్రాలన్నీ సమాంతరంగానే వేస్తుంది. వంకర వచ్చిందంటే మోడల్ అడుగు చదునుగా లేదని అర్థం. ట్రిమ్మర్ మీద అడుగును సమంగా కోసి, గాజు పలక మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఆర్చ్ ఆరాకే డ్రిల్ చేయండి, తడి స్టోన్ పొడి బిట్‌కు ముద్దలా అంటుకుంటుంది. పళ్ల పైన పెన్సిల్ చుక్కలు పెట్టుకుని, మెషీన్ వెలుగు చుక్క వాటి మీద పడేలా మోడల్‌ను పట్టుకుని నింపాదిగా నొక్కాలి. రంధ్రంలోని పొడి మొత్తం ఊదేశాక ఒక్క బొట్టు సైనో జిగురు (సూపర్ గ్లూ రకం). జిగురు పొంగి పిన్ కాళ్ల మీదకు పాకితే తర్వాత డై బయటకు రాదు.

సెపరేటర్ (డై, బేస్ ఒకదానికొకటి అంటుకోకుండా రాసే ద్రవం) ఎక్కడ రాయాలి? పిన్ చివర మైనం ఉండ ఎందుకు పెడతారు?

బయటకు రావలసిన ముక్కల అడుగున, పిన్‌ల చుట్టూ రాయాలి. కదలకుండా బేస్‌తో కలిసిపోవాల్సిన భాగాల మీద రాయకూడదు. అక్కడ పోత మెత్తగా ఉన్నప్పుడే రిటెన్షన్ రింగులు గుచ్చి పెట్టుకోవాలి. సెపరేటర్ మందంగా రాసి గుంటలో నిలిస్తే డైకీ బేస్‌కీ మధ్య సందు పడుతుంది. పల్చటి పొర చాలు, ఆరనివ్వండి.

మైనం ఉండ సంగతి ఇది. బేస్ స్టోన్ పిన్ కొసను కప్పేస్తే కింది నుంచి దాన్ని తట్టడానికి ఆచూకీ దొరకదు. కొస మీద కందిగింజంత మెత్తని మైనం పెట్టి బేస్ పోస్తే, గట్టిపడ్డాక అడుగు ట్రిమ్ చేసినప్పుడు మైనం రంగు బయటపడుతుంది. దాన్ని తోడేస్తే పిన్ కొస కనిపిస్తుంది.

బేస్‌కి మామూలు ప్లాస్టర్ పోస్తే?

వద్దు. ప్లాస్టర్ వ్యాకోచం ఎక్కువ, అది డైల మధ్య దూరాన్ని మార్చేస్తుంది. సింగిల్ క్రౌన్‌లో తెలియకపోవచ్చు, నాలుగు యూనిట్ల బ్రిడ్జిలో తప్పక తెలుస్తుంది. టైప్ 3 స్టోన్ లేదా బేస్ కోసం అమ్మే తక్కువ వ్యాకోచం ఉన్న స్టోన్ వాడండి.

## కోత, డై కూర్చోవడం

రంపం ఏ కోణంలో పెట్టాలి? మార్జిన్ కోసేస్తానేమోనని టెన్షన్.

ప్రెప్‌కు రెండు వైపులా, పిన్‌కు దాదాపు సమాంతరంగా, కిందికి పోయేకొద్దీ డై కొంచెం సన్నబడేలా కోయండి. డై కింద వెడల్పుగా వచ్చేలా కోస్తే ఇరుక్కుంటుంది. ఎంత సన్నటి బ్లేడు దొరికితే అంత మేలు. భయం ఉన్న చోట ఒక కిటుకు ఉంది. ఆర్చ్‌ను బేస్ నుంచి విడదీసి, అడుగు వైపు నుంచి కోస్తూ రండి. కాంటాక్ట్‌కు కొంచెం ముందు ఆపి, రెండు వేళ్లతో మెల్లగా వంచండి. మిగిలిన కాస్తా తనే విరుగుతుంది, మార్జిన్‌కు రంపం తగలదు. చోటు మరీ తక్కువగా ఉంటే ప్రెప్ చేయని పక్క పంటి వైపు జరగండి. పక్కపక్కనే రెండు ప్రెప్‌లుంటే మాత్రం సరిగ్గా మధ్యలోనే.

బేస్ పోశాక డై బయటకు రావడం లేదు.

పైనుంచి కత్తి పెట్టి ఎత్తకండి, మార్జిన్ పోతుంది. కోత అడుగుదాకా వెళ్లిందా అని ముందు చూడండి, సగం కేసుల్లో కారణం అదే. పూర్తిగా కోసి ఉంటే కింద పిన్ కొస మీద కత్తి పిడితో మెల్లగా తట్టండి. అప్పటికీ రాకపోతే జిగురు పొంగి ఉంటుంది, సెపరేటర్ తప్పి ఉంటుంది, లేదా పిన్‌లు ఒకదానికొకటి సమాంతరంగా లేవు.

డై తీసి పెట్టాక ఎత్తుగా కూర్చుంటోందని ఎలా తెలుస్తుంది?

క్రౌన్ నోట్లో హైగా (ఎత్తుగా) ఉందనో, కాంటాక్ట్ బిగుతుగా ఉందనో ఫిర్యాదు వస్తే అందరూ ముందు కాస్టింగ్‌ని, పింగాణీని తిడతారు. నన్నడిగితే ముందు డై కింద చూడాలి. పిన్ రంధ్రంలో స్టోన్ రవ్వ ఒకటి మిగిలితే చాలు, డై అంతమేర పైకి లేస్తుంది. దాని మీద చేసిన క్రౌన్ మోడల్ మీద అద్భుతంగా కనిపిస్తుంది, నోట్లో తప్పు.

పరీక్ష ఇలా. మోడల్ కోసిన వెంటనే, ఇంకా ఒక్క డై కూడా తీయకముందే, డైకీ బేస్‌కీ మధ్య గీత మీదుగా సన్నటి పెన్సిల్‌తో రెండు మూడు చోట్ల నిలువు గీతలు గీయండి. తర్వాత డై తీసి పెట్టిన ప్రతిసారీ ఆ గీతలు కలుస్తున్నాయా, బేస్ దగ్గర సందు వెంట్రుకంతైనా విచ్చుకుందా అని భూతద్దంలో చూడండి. పైనుంచి వేలితో నొక్కినప్పుడు టక్కుమని గట్టి శబ్దం రావాలి. మెత్తగా దిగినట్టుంటే లోపల ఏదో ఉంది. ఇప్పుడు డై అంచులు ఒకటొకటిగా నొక్కండి, బుగ్గ వైపు, నాలుక వైపు. ఏ మాత్రం ఊగినా అది కూర్చోలేదు. చివరగా ఆర్టిక్యులేటర్ (పై, కింది మోడళ్లను దవడల్లా కదిపే పరికరం) మూసి, ప్రెప్ చేయని పళ్ల మధ్య షిమ్ స్టాక్ రేకు పెట్టి లాగండి. డైలు లేనప్పుడు పట్టిన చోట్లే డైలు పెట్టాక కూడా పట్టాలి. పట్టు వదిలిందంటే ఏదో డై ఎత్తుగా ఉంది.

శుభ్రం చేయడానికి పొడి బ్రష్, ఊదడానికి గాలి. రంధ్రంలోకి సన్న బ్రష్ పంపండి, పిన్ ఒంటికి అంటుకున్న మైనం తుడవండి. ట్రిమ్మింగ్ చేసిన ప్రతిసారీ, వ్యాక్స్ చేసిన ప్రతిసారీ ఇది జరగాలి. బల్ల మీద మైనం చెక్కుతూ అక్కడే డైని దొర్లించి వెంటనే మోడల్‌లో గుచ్చే అలవాటు మానాలి.

డై వదులుగా ఊగుతోంది. పిన్‌కి కాస్త జిగురో మైనమో పూసి బిగించొచ్చా?

అది బిగించడం కాదు, తప్పు చోట అతికించడం. సెపరేటర్ మందం కావడం, పిన్ చిన్నది కావడం, కోతలో డై పక్క గోడలు అరగడం మామూలు కారణాలు. పిన్ డైలో వదులైందంటే తీసి శుభ్రం చేసి మళ్లీ అతికించి, పాత బేస్ పక్కన పెట్టి కొత్త బేస్ పోసుకోవాలి, అదీ ఆర్చ్ ముక్కలు కాకముందైతేనే. కోసేశాక వదులైతే రెండో పోత నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

బ్రిడ్జిలో పాంటిక్ (లేని పన్ను చోట వచ్చే పన్ను) భాగాన్ని కూడా విడిగా కోయాలా?

కోస్తే పాంటిక్ కింద చిగురు వైపు మైనం, పింగాణీ సరిచేయడం సులువు. కానీ కదిలే ముక్క ఒకటి పెరిగితే తప్పు జరిగే చోటు ఒకటి పెరుగుతుంది. పొడవు బ్రిడ్జిల్లో నేను పాంటిక్ భాగాన్ని కదలకుండా ఉంచడానికే ఇష్టపడతాను.

## ట్రిమ్మింగ్, మార్జిన్, స్పేసర్

డిచింగ్ ఎంత లోతు చేయాలి?

మార్జిన్ కింద చిగురు రూపంలో ఉన్న స్టోన్ తీసేసి అంచు స్పష్టంగా కనిపించేలా చేయడమే డిచింగ్. ముందు మార్జిన్‌కు దూరంగా గుండ్రని కార్బైడ్ బర్‌తో తీసి, చివరి అర మి.మీ. సర్జికల్ బ్లేడుతో లూప్ (కళ్లకు పెట్టుకునే భూతద్దం) లేదా మైక్రోస్కోప్ కింద చేయండి. కింద మరీ లోతుగా తొలిస్తే పంటి వేరు ఆకారం పోతుంది. అప్పుడు క్రౌన్ అంచు బయటికి ఉబ్బినట్టు తయారవుతుంది, పేషెంట్ చిగురు వాస్తుంది. వేరు ఎటు వాలుతోందో ఆ వాలునే కొనసాగించండి.

మార్జిన్ ఏ పెన్సిల్‌తో గీయాలి?

ఎర్ర పెన్సిల్‌తో. మామూలు సీసం పెన్సిల్ వద్దు. అందులోని గ్రాఫైట్ మైనానికి అంటుకుంటే కాస్టింగ్‌లో లోహం ఆ అంచు దాకా పారకపోవచ్చు. గీత సన్నగా, మార్జిన్ మీదే ఉండాలి. మొద్దు పెన్సిల్ గీత మందమే క్రౌన్‌లో సందుగా మారుతుంది.

ట్రిమ్ చేస్తుంటే మార్జిన్ చిన్న ముక్క ఊడింది. మైనంతో పూడ్చనా?

పూడ్చకండి. ఊడిన అంచు ఎక్కడుందో మన ఊహే తప్ప ఆధారం లేదు. సిలికోన్ ఇంప్రెషన్ చెక్కుచెదరకుండా ఉంటే ఆ పన్ను వరకు మళ్లీ పోయండి. లేకపోతే కొత్త ఇంప్రెషన్ అడగండి.

డై స్పేసర్ ఎన్ని పూతలు? హార్డెనర్ కూడా కావాలా?

సిమెంట్‌కు చోటు కోసం స్పేసర్. మొత్తం మందం 20 నుంచి 40 మైక్రాన్‌లు వచ్చేలా చూడాలి. ఎన్ని పూతలన్నది సీసా మీద ఉంటుంది. మార్జిన్‌కు అర మి.మీ. నుంచి ఒక మి.మీ. పైనే ఆపేయాలి. సీసా పాతబడి చిక్కబడితే ఒక్క పూతే మూడు పూతల మందం వస్తుంది, అప్పుడు థిన్నర్ కలపండి లేదా పారేయండి.

హార్డెనర్ మార్జిన్‌ను కాపాడుతుంది. పల్చటిది, స్టోన్‌లోకి ఇంకేది వాడి వెంటనే గాలి ఊదాలి. పైన నిలిస్తే అదీ ఒక పొరే, డై కొలత పెరుగుతుంది.

## ఆర్టిక్యులేటర్, స్కానర్, ప్రింటర్

ఆర్టిక్యులేటర్ మీద కట్టాక పిన్ కొసలు ప్లాస్టర్‌లో మునిగిపోయాయి. ఎలా తీయాలి?

ఇప్పుడైతే ప్లాస్టర్‌ను వెనక నుంచి తొలవాల్సిందే. ఈసారి మౌంటింగ్‌కు ముందు పిన్ కొసల దగ్గర మైనం ముద్దో స్పాంజి ముక్కో పెట్టి, అది పక్కకు తెరుచుకునేలా ప్లాస్టర్ వేయండి.

ల్యాబ్‌లో స్కానర్ వచ్చింది. ఇంకా డై కట్ ఎందుకు?

స్టోన్ మోడల్‌ను స్కాన్ చేసేటప్పుడు కూడా మార్జిన్ చుట్టూ కెమెరాకు కనిపించాలి. పక్క పన్ను నీడ పడిన చోట సాఫ్ట్‌వేర్ అంచును ఊహించి గీస్తుంది. అందుకే డైని విడిగా ఒకసారి, మోడల్‌లో పెట్టి ఒకసారి స్కాన్ చేస్తారు. స్పేసర్ మాత్రం చేత్తో పూయనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఇస్తాం. రెండూ ఇచ్చేస్తే క్రౌన్ వదులవుతుంది.

ప్రింట్ చేసిన మోడల్‌లో డైలు కొన్ని బిగుతుగా, కొన్ని వదులుగా ఉన్నాయి.

డైకీ దాని గూటికీ మధ్య ఇచ్చే సందు ప్రతి ప్రింటర్‌కూ, ప్రతి రెజిన్‌కూ వేరు. రెజిన్ మార్చిన రోజు చిన్న టెస్ట్ ముక్క ప్రింట్ చేసి సందు సరిచూసుకోండి. ప్రింట్ అయ్యాక గూట్లో మిగిలిన రెజిన్‌ను ఆల్కహాల్‌తో పూర్తిగా కడిగి ఆరబెట్టాకే క్యూర్ చేయాలి (కాంతితో గట్టిపరచాలి). మూలలో ఉండిపోయిన రెజిన్ క్యూర్‌లో గట్టిపడి డైని పైకి నెడుతుంది. బిగుతుగా ఉందని డైని గీకడం తేలికే, ఎంత గీకారో కొలవడం కష్టం. సెట్టింగ్ మార్చి మళ్లీ ప్రింట్ చేయడమే నయం.

మోడల్ మురికైంది. నీళ్లలో నానబెట్టొచ్చా?

వద్దు. జిప్సమ్ నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాములకు పైగా. ముందు పోయేది సన్నటి మార్జినే. తడపక తప్పనప్పుడు ట్రిమ్మర్ దగ్గర తేరిన స్లర్రీ నీళ్లు వాడండి. అందులో అప్పటికే కాల్షియం సల్ఫేట్ నిండి ఉంటుంది కాబట్టి మోడల్ కరగదు.

క్రౌన్‌తో పాటు మోడల్ కూడా డాక్టర్‌కి పంపాలా?

పంపండి. కోయని మోడల్ ఉంటే అదీ పంపండి. నోట్లో తేడా వస్తే ఎక్కడ వచ్చిందో తేల్చుకోవడానికి ఇద్దరికీ అదే దారి. పార్శిల్‌లో డైలు ఊడి డబ్బాలో దొర్లుతూ మార్జిన్ కొట్టుకోకుండా మోడల్ చుట్టూ రబ్బరు బ్యాండ్ వేయండి, దూది సర్దండి. క్రౌన్‌ను డై మీద వదిలేయకుండా చిన్న డబ్బాలో వేరుగా పెట్టండి.